గుండెలోని మచ్చ: దానిని జూడనేర్చిన చరిత్రము

ఈ మహాసభా సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మేము అమ్రాబాదువార మగుటచేత, మన్ననూరి చేరువనున్న ప్రతాపరుద్రుని కోటను గూర్చియో, ఉమామహేశ్వర క్షేత్రమును గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేమును మొదట కాగితము ముందిడుకొని కోటను గూర్చియే ప్రారంభించితిమి. కాని కలము వేఱొక దిక్కునకు బోయినది. కోటగోడ యెక్కడ పగిలినదో కన్నులతో జూడవచ్చును. బ్రతికియున్న మనుష్యుని గుండెగోడ యెక్కడ చచ్చినదో చూచుటకు మాత్రము వైద్యులకు రెండువందల యేండ్లకు దగ్గఱగా పట్టినది. ఆ చరిత్రములో మన హైదరాబాదునకు చోటు కలదు. తెలుగువాడైన యొక మహనీయునకు గొప్పచోటే కలదు. మా యింటికిని మిక్కిలి చిన్నచోటొకటి కలదు. కనుక దీనినే వ్రాయుచున్నాము. చదువరులు మన్నింతురు గాక.

మా పెద్దన్నగారిని సంఘములోని పెద్దలు పలువు రెఱుగుదురు. అచ్చంపేట దిక్కునుండి మన్ననూరు మీదుగా అమ్రాబాదునకు ఎక్కివచ్చు త్రోవను వారు యౌవనమున మూటతో నెక్కినవారు. ఏబది దాటిన పిమ్మట చెలకకు బోవుచు నడుమ నడుమ నిలువబడ దొడగిరి. రాత్రులందు రెండు తలగడలు లేనిదే నిద్రపట్టకుండెను. పాదములు వాచెను. మొదట ఉబ్బసమని రెండేండ్లు మందులు వాడిరి. తరువాత హైదరాబాదున ఒక దవాఖానాలో ఎకో పరీక్ష చేసి, గుండె పెద్దదై నీరసించినదని చెప్పిరి. రక్తనాళములలో రంగు పోసి చూడగా అడ్డంకి యేమియు గానరాలేదు. మందులతో ఆయాసము తగ్గినది. పంపింగు ముప్పదినుండి నలువదికి వచ్చినదని విని మేమందఱము సంతోషించితిమి. 2011 వ సంవత్సరమున నొక తెల్లవారుజామున బావిగట్టుకడ నిలుచుండి మోటారు స్విచ్చు వేయబోవుచు, మాటైన లేకుండ ఒరిగిపోయిరి. గుండె బాగుపడుచున్నదని చెప్పి మూడు నెలలైన కాలేదు. బాగుపడుచున్న గుండె యేల ఆగెను? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటలో మేము చదివినదియు, పెద్ద వైద్యుల నడిగి తెలిసికొన్నదియు ఇందు వ్రాయుచున్నాము.

గుండె యనునది కండ. అయినను చేతికండవంటిది గాదు. చేయి తెగినచో కొంతవఱకు కండ తిరిగి పుట్టును. గుండెకండ కణములు మాత్రము యౌవనమున సైతము ఏడాదికి నూటికి ఒకటి చొప్పున మాత్రమే క్రొత్తవి పుట్టునని స్వీడను దేశపు పరిశోధకులు 2009 లో లెక్కగట్టిరి. కావున చచ్చినచోట కండ పూడదు, పీచు పూడును. ఆ పీచే మచ్చ. అది ముడుచుకొనదు, సడలదు, కేవలము అతుకువలె నుండును. అతుకు పెద్దదైనకొలది గుండె సాగి, ఉబ్బి, రక్తమును ముందుకు నెట్టలేకపోవును. దీనినే వైద్యులు హృదయవైఫల్యమందురు. ఇంతటితో పోయిన నొకవిధము. గుండెను కొట్టించునది విద్యుత్తు. మచ్చలో విద్యుత్తు పాఱదు. మచ్చకును బ్రతికిన కండకును నడుమనున్న సందులలో అది మెల్లగా నడచి, సుడిదిరిగి, గుండెను వడివడిగా వణకించి ఆపివేయుటయు గలదు. అనగా పంపింగు బాగున్నను, మచ్చ యున్నంతకాలము ప్రమాదము కలదన్నమాట. ఈ యొక్కమాట 2011 లో మాకు దెలియదు.

మఱి ఈ మచ్చను చూచుటెట్లు? 1816 లో ఫ్రాన్సుదేశపు లాయెనెక్ కాగితమును గొట్టముగా జుట్టి రోగి ఱొమ్మున జెవియానించినది మొదలు, వైద్యులు గుండెను వినుచునే యుండిరి. చూచుట మాత్రము లేదు. వినికిడితోడను నాడితోడను మాత్రమే గుండె మర్మమును దెలిసికొనబోయిన యెట్టి పొరపాటు పడవచ్చునో మన హైదరాబాదు చరిత్రమే చెప్పుచున్నది. క్లోరోఫారము మత్తు పుచ్చుకొన్న రోగులు కొందఱు బల్లమీదనే చనిపోవుచుండిరి. మొదట ఆగునది శ్వాసయా, గుండెయా అని ఐరోపాలో వాదము ప్రబలియుండెను. హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడును వైద్యపాఠశాలాధిపతియునైన ఎడ్వర్డ్ లారీ దీనిని తేల్చుటకు 1888 లో ఒక కమీషనును ఏర్పఱచెను. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ వారి ప్రభుత్వము ధనమిచ్చెను. ఫలితమును లండను పండితులు నమ్మకపోగా, నిజాము ప్రభుత్వము వేయి పౌను లిచ్చెదమని లాన్సెట్ పత్రికను ఆహ్వానించెను. వారు పంపిన లాడర్ బ్రంటన్ 1889 లో హైదరాబాదు వచ్చి రెండవ కమీషనులో గూర్చుండెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిపి, శ్వాసయే ముందాగును, గుండెకు భయములేదు, శ్వాసనే కనిపెట్టుకొని యుండుడని తీర్పు చెప్పిరి.

తీర్పు సగమే నిజము. 1911 లో గుడ్‌మన్ లెవీ యను వైద్యుడు పిల్లులపై ప్రయోగములు చేసి, తేలికగా నిచ్చిన క్లోరోఫారము సైతము గుండె కిందిగదులను అకస్మాత్తుగా వణకించి ఆపివేయగలదని చూపెను. అదే సంవత్సరమున మహబూబ్ అలీ ఖాన్ పరమపదించెను. మన జిల్లాకు 1890 నుండి ఆయన పేరే యుండెను. 2016 లో జిల్లాలు విడిపోయినప్పుడు మన అమ్రాబాదు నాగరుకర్నూలు జిల్లాలో జేరినది. హైదరాబాదు కమీషనువారు తెలివిలేనివారు గారు. ధనమునకు లోటులేదు, శ్రమకు లోటులేదు. లోపము కన్నులకే యుండెను. కళకళలాడుచున్న గుండె ఒక్క క్షణములో ఆగునన్న మాట నమ్ముటకు వారియొద్ద సాధనము లేకపోయెను. మా యన్నగారి విషయమున మేము చేసిన పొరపాటును ఇదియే యని యిప్పుడు తోచుచున్నది.

తరువాతి సాధనములను త్వరగా దాటిపోవుదము. 1895 నవంబరు 8 వ తేదీని జర్మనీలో రాంట్‌గెన్ ఎక్సురేలను గనుగొనెను. ఱొమ్ముపటములో గుండెనీడ పెద్దదైనదో లేదో తెలియును; ఏల పెద్దదైనదో తెలియదు. హాలండులో ఐంథోవెన్ గుండె విద్యుత్తును గీతలుగా వ్రాయించి 1924 లో నోబెల్ బహుమానమందెను. ఈ.సీ.జీ. యందు పెద్దమచ్చలు కొన్ని జాడ చూపును, చిన్నవి దాగును. 1953 లో స్వీడనునందలి లుండ్ పట్టణమున ఎడ్లరు, హెర్ట్‌జ్ అను నిరువురు ధ్వనితరంగములతో గుండె కదలికను గనుగొనిరి. నేడు మన తాలూకా రోగులకు సైతము పరిచితమైన ఎకో పరీక్ష దానినుండి పుట్టినదే. కదలని గోడను ఎకో చూపును. కాని ఆ గోడ చచ్చి కదలకున్నదో, రక్తము చాలక నిద్రపోయి కదలకున్నదో చెప్పుట దానికి కష్టము. చచ్చినది లేవదు. నిద్రించినది లేచును. రోగికి కావలసిన వ్యత్యాస మంతయు ఇందే యున్నది. సూదితో గుండెనుండి ఆవగింజంత ముక్కను దీసి సూక్ష్మదర్శినిలో జూచుట మఱియొక మార్గము. కాని మచ్చ యొకచోట, సూది వేఱొకచోట పడవచ్చును గదా.

ఇక్కడ తెలుగువారి పేరు వచ్చుచున్నది. రాంట్‌గెన్ ఎక్సురేలను గనుగొన్న 1895 వ సంవత్సరముననే, జనవరి 12 వ తేదీని, భీమవరమున యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. మదరాసున వైద్యము చదివి, 1920 లకు నడుమ అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు బోయి, ఫిస్కి యను ఆచార్యునితో గూడి పనిచేసిరి. రక్తమునందును కండయందును ఫాస్ఫరసు ఎంతయున్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును 1925 లో వారిరువురును ప్రకటించిరి. ప్రపంచమందలి ప్రయోగశాలలలో అది ఫిస్కి-సుబ్బారావు విధానమని చిరకాలము వాడుకలో నుండెను. ఆ కొలతలు చేయుచుండగా లెక్క కుదురని ఫాస్ఫరసు కొంత కండలో కనబడెను. దాని వెంటబడి 1927 లో ఫాస్ఫోక్రియాటినును గనుగొనిరి. 1929 లో ఏ.టి.పి. యను పదార్థమును గండనుండి వేరుచేసి వర్ణించిరి; అదే కాలమున జర్మనీలో లోమన్ సయితము దానిని గనుగొనెను. కండ చేయు పనికి ఏ.టి.పి. చేతిలోని రొక్కమనియు, ఫాస్ఫోక్రియాటిన్ గాదెలోని ధాన్యమనియు చెప్పుకొనవచ్చును. రొక్కము తగ్గిన వెంటనే గాదెనుండి తీసి పూర్తిచేయుచుండును.

గుండె నిమిషమున కిన్నిసార్లు కొట్టుకొనుటకు ఈ రెండే ఆధారము. బ్రతికిన కండలో ఇవి యుండును, మచ్చలో నుండవు. ఈ మాట చెప్పుటకు చచ్చినవాని గుండెను గోయ బనిలేదని తరువాతి తరమువారు చూపిరి. ఫాస్ఫరసు పరమాణువు బలమైన అయస్కాంతము నడుమ ఒక రేడియోధ్వనికి బదులు పలుకును. 1974 లో ఆక్స్‌ఫర్డున కండ ముక్కలో ఈ బదులును వినిరి. 1985 లో పాల్ బాటమ్లీ అమెరికాలో బ్రతికియున్న మనుష్యుని గుండెనుండి వినెను. 1997 లో జర్మనీకి జెందిన నాయ్‌బవర్ బృందము గుండెయుబ్బు వ్యాధిగల 39 మంది రోగులలో సుబ్బారావుగారు కనుగొన్న ఈ రెండు పదార్థముల నిష్పత్తిని కొలిచి, అది 1.60 కంటె తగ్గినవారిలో మరణము లెక్కువని ప్రకటించెను. భీమవరపు బాలుడు 1927 లో ప్రయోగశాలలో విప్పిన ముడి డెబ్బది యేండ్లకు రోగి మంచముకడకు వచ్చెనని మనము గర్వింపవచ్చును. అయితే నిజము చెప్పవలెను. గుండెలోని ఫాస్ఫరసు బదులు మిక్కిలి హీనస్వరము. పరీక్షకు దీర్ఘకాలము పట్టును. నేటికిని అది పెద్ద పరిశోధనాలయముల సొత్తుగానే యున్నది. సుబ్బారావుగారు 1948 ఆగస్టు మాసమున న్యూయార్కులో నిద్రలోనే గుండెయాగి చనిపోయి రనుట ప్రసిద్ధము. అప్పటికి వారి వయస్సు 53. ప్రపంచమునకు గుండెకండ మర్మమును దెలిపినవారి గుండెలో నేమున్నదో చూచు సాధనము అప్పటికి లేదు.

సాధారణ దవాఖానాలకు దిగివచ్చిన మార్గము వేఱొకటి. అది నీటిది. దేహములో నీరు మెండు, నీటిలో హైడ్రోజను మెండు; దాని బదులు గట్టిగా వినబడును. ఆ బదులు ఏ చోటినుండి వచ్చుచున్నదో గుర్తించి పటము గీయవచ్చునని 1973 లో లాటర్‌బర్ అమెరికాలో చూపెను. ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డు దానిని వేగవంతము చేసెను. ఇరువురికిని 2003 లో నోబెల్ బహుమానము వచ్చెను. ఎక్సురేవలె ఇందు కిరణముల బాధ లేదు. దవాఖానాలలో సాధారణముగా వాడు అయస్కాంతపు బలము భూమి అయస్కాంతశక్తికి సుమారు 30,000 రెట్లు.

మచ్చను పట్టియిచ్చినది గడోలినియ మను లోహము. దానిని 1880 లో గనుగొనిరి. ఫిన్లండు దేశపు రసాయనజ్ఞుడైన గడోలిన్ పేరు దానికి పెట్టిరి. వట్టిలోహము విషము. కావున దానిని వేఱొక పదార్థములో బిగించి మందుగా జేసిరి. 1988 లో అమెరికాలో దాని వాడుకకు అనుమతి వచ్చెను. ఈ మందు నరములోనికి ఎక్కినపుడు రక్తముతో గూడ గుండెకు బోవును. బ్రతికిన కణములోనికి అది చొరజాలదు; కణములు క్రిక్కిఱిసిన చోట దానికి నిలువ నీడలేదు, కడుగుకొని పోవును. మచ్చలో కణములు లేవు, పీచునడుమ ఖాళీ మెండు. అక్కడ జేరి నిలిచియుండును. పది నిమిషము లాగి చిత్రము దీసినచో, మంచి కండ నల్లగను, మచ్చ తెల్లగను గానవచ్చును. చెఱువు ఎండినపుడు గుంటలలో మాత్రము నీరు నిలిచినట్లని మా వైద్యమిత్రు డొకడు చెప్పెను. ఇంతకంటె బాగుగ మేము చెప్పలేము.

అమెరికాలో చికాగో ప్రాంతపు నార్త్‌వెస్టర్ను విశ్వవిద్యాలయమున రేమండ్ కిమ్, రాబర్ట్ జడ్ అనువారు మొదట కుక్కల గుండెలలో ఈ తెల్లనిచోటును, కోసి చూచిన మచ్చను ప్రక్కప్రక్కన బెట్టి 1999 లో సరిచూచిరి. 2000 వ సంవత్సరమున రోగులలో జూచిరి. రక్తనాళములు మూసికొనిపోయి గోడలు కదలనివారికి ముందుగా చిత్రము దీసి, నాళములకు చికిత్స జరిగిన తరువాత ఏ భాగము తిరిగి కదలినదో లెక్కించిరి. తెలుపు లేశమైన లేని 329 భాగములలో 256 తిరిగి కదలెను. గోడ మందములో ముక్కాలుపాలుకంటె మించి తెల్లబడిన 58 భాగములలో ఒక్కటి మాత్రమే కదలెను. శస్త్రచికిత్సకు ముందే, ఆశ పెట్టుకొనవలసిన గోడ యేదో, వదలుకొనవలసిన గోడ యేదో యింత తేటగా దెలిపిన పరీక్ష అంతకుముందు లేదు.

ఇది నాళములు మూసికొన్నవారి మాట. మా యన్నగారివలె నాళములు బాగుండి గుండె యుబ్బినవారి మాట యేమి? 2003 లో లండనులోని వైద్యులు అట్టివారు 63 మంది చిత్రములను దీసిరి. నూటికి 59 మందికి మచ్చయే లేదు. నూటికి 13 మందికి గోడ లోపలి అంచున, నాళము మూసికొన్న గుండెపోటు మచ్చవంటిదే కానవచ్చెను. అనగా ఎప్పుడో పోటు వచ్చి, నాళము తిరిగి తెఱచుకొని, జాడ మాత్రము మిగిలిన వారు వీరిలో నున్నారన్నమాట. తక్కిన 28 మందికి మచ్చ వింతగా నుండెను. లోపలి అంచును గాక, వెలుపలి అంచును గాక, గోడ నడిమిపొరలో తెల్లని దారము గీచినట్లుండెను. మచ్చ ఎక్కడనున్నదో దానిని బట్టి వ్యాధి పుట్టువు తెలియునని ఈ పరీక్ష నేర్పినది. గుండెపోటు ఎల్లప్పుడు లోపలి అంచున మొదలిడి వెలుపలికి బ్రాకును. సూక్ష్మజీవుల తాకిడి, వంశపారంపర్యదోషము మొదలగునవి తఱచుగా నడిమిపొరనో వెలుపలి పొరనో పట్టును.

ఆ నడిమిదారమునకు అర్థము 2013 లో తేలినది. లండనులోనే అట్టి రోగులు 472 మందిని సుమారు ఐదేండ్లు కనిపెట్టి చూచిరి. దారము కానవచ్చినవారు 142 మంది. వారిలో 38 మంది మరణించిరి. దారములేని 330 మందిలో మరణించినవారు 35 మంది. అకస్మాత్తుగా గుండెలయ తప్పి చనిపోయినవారును, చావు తప్పించుకొన్నవారును కలిసి మొదటి తెగలో 42 మంది, రెండవ తెగలో 23 మంది. పంపింగు అంకెను లెక్కలోనికి దీసికొన్న తరువాతను ఈ భేదము నిలిచెను. ఈ పంక్తులు చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. నలువది అను అంకెను జూచి మేము మా యింట మిఠాయి పంచితిమి.

అయినను చిత్రమును దైవవాక్యముగా జేయరాదు. 2016 లో డెన్మార్కున 1,116 మంది రోగులతో పరీక్ష జరిగినది. నాళములు మూసికొనకయే గుండె నీరసించినవారిలో సగముమందికి, లయ తప్పినపుడు విద్యుత్తుతో సరిచేయు చిన్న యంత్రమును ఱొమ్మున అమర్చిరి. అకస్మాత్తుమరణములు తగ్గినవి, మొత్తము మరణముల లెక్కలో మాత్రము చెప్పదగిన భేదము రాలేదు. అందఱికిని యంత్రమక్కఱలేదు, ఎవరికి కావలెనో ఏరుకొనవలెను అనుట దీని తాత్పర్యము. ఆ ఏరుకొనుటలో మచ్చచిత్రము ముఖ్యసాక్షి యైనది. 2022 లో బ్రిటనులో 700 మందితో జరిగిన మఱియొక పరీక్ష యింకను కఠినమైనది. మచ్చ తక్కువ, కండ బ్రతికియున్నదని తేలిన రోగులకు స్టెంట్లు వేసినను, మంచి మందులు మాత్రము ఇచ్చినను, మరణములలోను దవాఖానా చేరికలలోను భేదము కానరాలేదు. మఱుసటి సంవత్సరము అదే రోగుల చిత్రములను విమర్శించి, బ్రతికిన కండ యెంత యనుటకంటె మచ్చ యెంత యనునదే ముందుగతిని దెలుపుచున్నదని చెప్పిరి. 2000 లో మొదలైన యుత్సాహమును ఇది కొంత చల్లార్చినది. శాస్త్రము ఇట్లే నడచును. హైదరాబాదు కమీషనువలె తొందరపడి తీర్పు చెప్పుటకంటె ఇది మేలు.

మందునకును దోషము కలదు. మూత్రపిండములు మిక్కిలి చెడినవారిలో కొన్ని పాతరకపు గడోలినియపు మందులవలన చర్మము బిగిసిపోవు ఘోరవ్యాధి వచ్చుచున్నదని 2006 లో బయటపడినది. అందుచేత నేడు ముందుగా మూత్రపిండముల పరీక్ష చేసి, గట్టిగా బిగించిన రకములనే వాడుదురు. మందు లేకయే కండ స్వభావమును అంకెలలో కొలుచు పద్ధతులు 2004 మొదలు వృద్ధియైనవి. ఒకచోట గట్టిమచ్చ లేక, గుండెయంతట సన్నగా పొగమంచువలె వ్యాపించిన పీచును సైతము అవి కొంతవఱకు కనిపెట్టగలవు. తెల్లమచ్చ యొకటే చూచువారికి ఈ పొగమంచు కానరాదు. చక్కెరవ్యాధి, రక్తపుపోటు గలవారిలో తఱచుగా నుండునది ఇదియే. దేహములో లోహము, పేస్‌మేకరు మొదలగునవి గలవారు ముందే చెప్పవలెను. వానిలో కొన్ని యిప్పుడు ఎం.ఆర్.ఐ. కి తగినట్లే తయారగుచున్నవి. ఇరుకైన సొరంగములో ముప్పావుగంట పండుకొని, చెప్పినప్పుడెల్ల ఊపిరి బిగబట్టవలెను. ఆయాసము గలవానికి ఇది తక్కువ తపస్సు గాదు.

మన ప్రాంతములో రేడియాలజీ విద్య వ్యాపించుటకు శ్రమించినవారిని ఇక్కడ స్మరింపకుండరాదు. కృష్ణాజిల్లా పెదముత్తేవిలో 1925 లో జన్మించిన డాక్టరు కాకర్ల సుబ్బారావుగారు విశాఖపట్టణమున వైద్యము చదివి, అమెరికాలో రేడియాలజీ ఆచార్యులై పేరొంది, తిరిగివచ్చి హైదరాబాదున నిమ్స్ దవాఖానాకు అధిపతులైరి. వారి ప్రజ్ఞ ముఖ్యముగా ఎముకల చిత్రములయందు. 2000 లో పద్మశ్రీ పొందిరి. 2021 లో పరమపదించిరి. ఇరువురు సుబ్బారావులలో ఒకరు కండలోని పదార్థమును గనుగొనగా, ఒకరు దేహమును చిత్రించు విద్యను మనవారికి బోధించిరి.

హైదరాబాదులోనే సి.సి.యం.బి. పరిశోధనాలయమున తంగరాజుగారును, వారితో గూడిన దేశవిదేశపు పరిశోధకులును 2009 లో ప్రకటించిన సంగతి మనవంటి సంఘములవారు తప్పక తెలిసికొనదగినది. గుండెకండలోని ఒక మాంసకృత్తును నిర్మించు జన్యువులో 25 అక్షరములు లోపించిన మార్పు మన ఉపఖండమున నూటికి సుమారు నలుగురియందున్నదనియు, గుండెజబ్బుగలవారిలో అది యెక్కువగా గనబడుచున్నదనియు వారు చెప్పిరి. అది ఒక కులమునకు జెందినది గాదు. ఎన్నో కులములందును తెగలందును కానవచ్చినది. గుండెగోడ దళసరియగు వ్యాధి విషయమున, ఆ లోపముకంటె దానితోగూడ కొన్ని కుటుంబములలో దిగివచ్చు వేఱొక చిన్నమార్పుదే దోషమని 2020 లో మఱికొందఱు చూపిరి. వాదము సాగుచునేయున్నది. గుండెజబ్బు కొన్ని యిండ్లలో రక్తముతో దిగునన్న సంగతిలో మాత్రము వాదము లేదు. మన వివాహసంబంధములలో గోత్రము, నక్షత్రము విచారింతుము. తండ్రియో, పినతండ్రియో ఏబదిలోపున అకస్మాత్తుగా పోయెనా అని యడుగుట ఎవ్వరికిని తోచదు. సంబంధము మానుటకని గాదు మేము వ్రాయుట. పిల్లలకు పరీక్ష చేయించుటకని.

2007 ఏప్రిలు 1 వ తేదీని ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనపుడు మొదటి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగరము ఒకటి. గుండె ఆపరేషనునకు చెలక నమ్ముకొనవలసిన యవస్థ ఎందఱికో తప్పినది. అయితే ఆపరేషను వేఱు, ఆపరేషను కావలెనా వద్దా యని తేల్చు చిత్రము వేఱు. కొండమీదినుండి హైదరాబాదునకు బోయి, గుండె ఎం.ఆర్.ఐ. తీయగల దవాఖానాను వెదకి, దానిని చదువ నేర్చిన వైద్యుని కలిసికొనుట పేదవానికి నేటికిని సులభముగాదు. పోషకమహాశయులు ప్రతివర్షము విద్యార్థివేతనములకు ఇచ్చు ధనములో కొంతభాగము, ఈ యొక్క పరీక్షకు హైదరాబాదు పోవలసిన రోగుల ప్రయాణమునకును, బసకును, పరీక్షావ్యయమునకును విడిగా కేటాయింపవలెనని ఈ మహాసభయందు మేము తీర్మానము ప్రతిపాదింపనున్నాము. ఎకో చేసి గుండె నీరసించినదని చెప్పిన ప్రతివాడును, నాలో మచ్చ కలదా, ఉన్న నేపొరలో నున్నది అని వైద్యు నడుగవలెను. అడిగిన కోపగించువాడు మంచివైద్యుడు గాడు.

ఇక మా యింటిమాట. అన్నగారి పెద్దకుమారునికి నలువదియొక యేడు. గుట్టలెక్కును, పొలము దున్నించును, ఆయాస మెఱుగడు. రెండేండ్ల క్రిందట మా వదినగారు పట్టుబట్టి వానిని హైదరాబాదునకు బంపిరి. "మీ నాయనకు బాగున్నదన్నరు. నీకు గూడ బాగున్నదనిపించుకొని రావద్దు, బొమ్మ తీయించుకొని రా" అని చెప్పి పంపిరి. ఎకో ఇంచుమించు బాగుగనే వచ్చినది. చిత్రములో రెండుగదుల నడిమిగోడయందు, నడిమిపొరలో, వెండ్రుకవంటి తెల్లని గీత కానవచ్చినది. మేము పుస్తకములలో నెన్నిసార్లో చూచిన గీత. వాని కప్పటినుండి మందులు నడచుచున్నవి. ఆరు నెలల కొకసారి గుండెలయను ఒక దినమంతయు వ్రాయించుచున్నారు. ఱొమ్మున యంత్రము అమర్చవలెనా, ఇంకను వేచియుండవచ్చునా యనునది వైద్యులు వచ్చు కార్తీకమున నిర్ణయింతురు. వాని చెల్లెండ్ర కిరువురికిని పరీక్ష జరిగినది. వారిలో నేమియు లేదు.

ఆ చిత్రములున్న కవరును మా వదినగారు ఇనుపపెట్టెలో భూమికాగితముల ప్రక్కన బెట్టిరి. దానిక్రిందనే అన్నగారి పాత ఎకో కాగితమున్నది. అందు నలువది యను అంకె చుట్టు మేము ఎఱ్ఱసిరాతో గీచిన సున్న యింకను చెఱగలేదు.